నల్లంచి సగం ఏడాది ఎందుకు పాడదు

ఒకప్పుడు నల్లంచి పిట్ట ఏడాది పొడుగునా పాడేది. ఎండల్లో పాడేది, వానల్లో పాడేది, చలికి ఒళ్ళంతా బంతిలా ఉబ్బించుకుని కూడా పాడేది. తెల్లవారకముందే మొదలుపెడితే పొద్దు గూకేదాకా ఆపేది కాదు. నోట్లో పురుగు ఉన్నా సరే, దాన్ని ఒక పక్కకి తోసుకుని రెండో పక్క నుంచి పాడేది.

నల్లంచిని మీరు చూసే ఉంటారు. పిచ్చుక కంటే కాస్త పెద్దది. తల, వీపు నల్లగా నిగనిగలాడుతుంటాయి. పొట్ట తెల్లన. రెక్క మీద సున్నంతో గీసినట్టు ఒక తెల్లచార. తోక పైకెత్తి దర్జాగా నిలబడుతుంది. ఆడపిట్టది మాత్రం నలుపు కాదు, పొయ్యిలో బూడిద రంగు.

ఒక ఇంటి వెనక దొడ్లో అలాంటి నల్లంచి ఒకటి ఉండేది. దాని పెళ్ళాం పేరు బూదెమ్మ. ఆ దొడ్లో బావి ఉంది, మునగచెట్టు ఉంది, సపోటాచెట్టు ఉంది, పసుపు మడి ఉంది. చుట్టూ పాత రాతిగోడ. గోడని ఆనుకుని గోరింట పొద. పొద వెనకాల గోడలో ఒక రాయి ఊడిపోయి కంత పడింది.

బూదెమ్మ ఆ కంతలోకి దూరి, వెనక్కీ ముందుకీ తిరిగి చూసుకుని బయటికొచ్చింది.

"ఏమయ్యా, ఇల్లు దొరికింది. ఎండ రాదు, వాన రాదు. ముందు పొద ఉంది కాబట్టి ఎవరికీ కనబడదు కూడా" అంది.

ఇక ఆ రోజు నుంచి బూదెమ్మకి ఊపిరాడని పని. ఎండుగడ్డి తెచ్చింది, సన్నటి వేళ్ళు తెచ్చింది, కొబ్బరిపీచు తెచ్చింది. నల్లంచి సపోటాకొమ్మ మీద కూర్చుని పాడింది.

"ఒక్క పుల్లయినా తేవా?" అని అడిగింది బూదెమ్మ.

"నేను పాడుతుంటే నీకు పని తేలిగ్గా లేదూ?" అంది నల్లంచి.

బూదెమ్మకి నవ్వొచ్చింది. నిజంగానే తేలిగ్గా ఉంది మరి.

గూడు తయారయ్యాక బూదెమ్మ నాలుగు గుడ్లు పెట్టింది. లేత నీలమూ లేత ఆకుపచ్చా కలిసిన రంగు. వాటి మీద గోధుమరంగు చుక్కలు. కంతలోకి తొంగి చూసిన నల్లంచికి కాసేపు మాట రాలేదు. తరవాత మాట రావడం ఏమిటి, పాటే వచ్చేసింది.

"నాలుగు గుడ్లు నాలుగు గుడ్లు
నింగి ముక్కలు నాలుగు గుడ్లు
చుక్కల చుక్కల నాలుగు గుడ్లు
నావే నావే నాలుగు గుడ్లు!"

"మనవి అనరాదూ?" అంది బూదెమ్మ లోపల్నుంచి.

"పాటలో ఇమడదు" అంది నల్లంచి.

దొడ్లో వాళ్ళందరికీ ఆ పాట తెగ నచ్చింది. పిగిలిపిట్ట తల కుచ్చు ఊపుతూ విన్నది. గోరింక తాను కూడా పాడబోయి, కుదరక మానేసింది. గోడలోనే ఇంకో కంతలో పిల్లల్ని పెట్టుకుని ఉన్న ఉడతమ్మ, పిల్లల్ని నిద్రపుచ్చడానికి అదే పాట బాగుందంది. పొగిడిన కొద్దీ నల్లంచి గొంతు ఇంకా పైకి లేచింది.

ఒక మధ్యాహ్నం బూదెమ్మ నీళ్ళు తాగడానికి అంట్లు తోమే గట్టు దగ్గరికి వెళ్ళింది. అప్పుడు సపోటాచెట్టు కింద ఎండుటాకులు గలగలమన్నాయి. జెముడుకాకి నడుచుకుంటూ వచ్చింది. ఒళ్ళు నలుపు, రెక్కలు ఇటుక రంగు, కళ్ళు చింతనిప్పులు. అది ఎగరడం తక్కువ. పొదల కింద మెల్లగా నడుస్తుంది.

"ఏమోయ్ అల్లుడూ" అంది జెముడుకాకి, "ఎంత బాగా పాడుతున్నావోయ్! అవతలి వీధి దాకా వినబడుతోంది."

నల్లంచి తోక ఇంకాస్త పైకి లేచింది. "ఏదో, మీ అభిమానం మావయ్యా."

"అభిమానం కాదోయ్, నిజం. కానీ ఒక్కటే లోటు. గుడ్ల మీద ఇంత పాట కట్టావు, గూటి మీద ఒక్క చరణం లేదు. అంత కష్టపడి గూడు కట్టినదాన్ని పాటలో మరిచిపోతే ఏం బాగుంటుంది?"

నల్లంచికి ఆ మాట నిజమే అనిపించింది. గొంతు సవరించుకుంది. అప్పటికప్పుడు కట్టి పాడింది.

"గోరింట పొద వెనకాల గోడ
గోడలో ఊడిన రాయి కంత
కంతలో మెత్తని పీచుపరుపు
పరుపు మీద నాలుగు గుడ్లు!"

జెముడుకాకి తల పక్కకి వంచి విన్నది. "ఆహా! రెండోది సరిగ్గా వినబడలేదు. గోడలో ఏమిటన్నావు?"

"ఊడిన రాయి కంత" అని ఒక్కొక్క మాటా విడదీసి మళ్ళీ పాడింది నల్లంచి.

"బాగుంది, బాగుంది" అంటూ జెముడుకాకి పసుపు మడిలోకి నడిచి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున బూదెమ్మ గుడ్ల మీద నుంచి లేచింది. "ఆకలేస్తోంది. రెండు పురుగులు ఏరుకుని వచ్చేస్తాను. ఈ కాసేపూ పాడకు, కంత వైపు చూస్తూ ఉండు" అంది.

"వెళ్ళిరా" అంది నల్లంచి.

చూస్తూనే కూర్చుంది. కాసేపు చూసింది. ఇంతలో పక్కింటి కొబ్బరిచెట్టు మీద ఇంకో నల్లంచి పాట ఎత్తుకుంది. దానికి జవాబు చెప్పకపోతే ఎలా? ఒక్క చరణమే కదా అనుకుని మొదలుపెట్టింది. పాడేటప్పుడు నల్లంచి కళ్ళు మూసుకునేది.

బూదెమ్మ అరుపు విని కళ్ళు తెరిచింది.

ఎగిరి వెళ్ళి చూస్తే కంతలో పీచు చెల్లాచెదరైపోయి ఉంది. ఒక గుడ్డు పెంకు ముక్క, దానికి అంటుకుని కాస్త పచ్చసొన. ఇంకేం లేదు. బూదెమ్మ ఆ పెంకు పక్కనే నిలబడి అరుస్తూనే ఉంది.

నల్లంచి కంత అంచున ఒకటి చూసింది. రాయికి చిక్కుకున్న ఈక. ఇటుక రంగు ఈక.

ఎవరు వచ్చారో తెలిసిపోయింది. ఎలా తెలుసుకుని వచ్చారో కూడా తెలిసిపోయింది. ఈ ఈక అందరికీ చూపిస్తే, గూడు ఇక్కడుందని జెముడుకాకికి ఎవరు చెప్పారని అడుగుతారు కదా?

బూదెమ్మ అటు తిరిగి ఏడుస్తోంది. నల్లంచి ఆ ఈకని ముక్కుతో లాగి, బావి మీదుగా ఎగురుతూ నీళ్ళలో జారవిడిచింది. ఏమీ ఎరగనట్టు వచ్చి బూదెమ్మ పక్కన కూర్చుంది.

అరుపు విని అందరూ పోగయ్యారు.

"ఎవరు చేశారీ పని?" అంది గోరింక. దానికి కోపం ముక్కు మీదే ఉంటుంది. "పొద వెనక కంత. బయటివాళ్ళకి ఎలా తెలుస్తుంది? తెలిసినవాళ్ళే చేసుంటారు."

అందరూ చుట్టూ చూశారు. అప్పుడే ఉడతమ్మ తన కంతలోంచి తల బయటికి పెట్టింది. దాని మూతికి కొబ్బరిపీచు అంటుకుని ఉంది.

"అదిగో! బూదెమ్మ గూట్లో పీచు!" అని అరిచింది పిగిలిపిట్ట.

"ఇది కింద రాలితే తీసుకున్నానమ్మా, నా పిల్లల పక్కకి" అంది ఉడతమ్మ. "గుడ్లు నేనెందుకు తింటాను? బూదెమ్మా, నువ్వయినా చెప్పు. రోజూ చూస్తున్నావు నన్ను."

బూదెమ్మ ఏడుపు ఆపుకుని ఉడత మూతి వైపు చూసింది. "నాకేం చెప్పాలో తెలియడం లేదక్కా" అంది.

ఉడతమ్మ నల్లంచి వైపు తిరిగింది. "నల్లంచీ, నువ్వు ఎదురుగానే ఉన్నావు కదా. నేను కంతలోంచి కదిలానా? చెప్పు."

అందరూ నల్లంచి వైపే చూశారు. చెప్పాలంటే ఒక్క మాట చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. ఏడాది పొడుగునా పాడే గొంతు అది. కానీ ఆ ఒక్క మాట బయటికి రాలేదు.

"నేను... చూడలేదు" అంది.

అంతే. గోరింక ఎగిరి ఉడతమ్మ తల మీద ఒక్కటి పొడిచింది. "పో ఇక్కణ్ణుంచి! గోడలో నీకు చోటు లేదు" అంది. పిగిలిపిట్ట రెక్కలతో కొట్టింది. ఉడతమ్మ కళ్ళయినా తెరవని పిల్లల్ని ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని, గోడ మీంచి పరుగెత్తి, మునగచెట్టు చిటారుకొమ్మకి మోసుకెళ్ళింది. మునగచెట్టుకి నీడెక్కడిది? ఉన్న నాలుగు ఆకులూ గాలికి ఊగుతుంటాయి. మండుటెండలో ఆ పిల్లలు కీచుకీచుమంటుంటే దొడ్డంతా వినబడేది.

నల్లంచికి మరీ బాగా వినబడేది.

బూదెమ్మ కొన్నాళ్ళు ఏడ్చి, తరవాత కళ్ళు తుడుచుకుంది. పిట్టలకి ఎక్కువ రోజులు ఏడవడానికి తీరిక ఉండదు. వానలు రాకముందే ఇంకో గూడు కట్టాలి. ఈసారి ఇంటి గోడకి ఉన్న పాత గొట్టం చూసుకుంది. ఒకప్పుడు డాబా మీది వాననీళ్ళు దిగిన గొట్టం అది, ఇప్పుడు పైన మూసుకుపోయింది.

ఈసారి నల్లంచి పుల్లలు తెచ్చింది. గడ్డి తెచ్చింది. అడక్కుండానే తెచ్చింది.

"ఇదేమిటి, కొత్తగా?" అంది బూదెమ్మ.

"ఊరికే" అంది నల్లంచి. దాని మొహం మాత్రం చూడలేదు.

బూదెమ్మ మళ్ళీ గుడ్లు పెట్టింది. పొదగడానికి కూర్చుంది. బయట చెట్టు మీద నల్లంచి నోరు తెరిచింది. పాట మొదలుపెట్టగానే 'గోడలో ఊడిన రాయి కంత' అన్న చరణమే నాలిక మీదికి వస్తోంది. గబుక్కున నోరు మూసుకుంది. కాసేపాగి మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే.

"పాడవేమయ్యా?" అంది బూదెమ్మ గొట్టంలోంచి. "ఇక్కడ ఒక్కదాన్నీ చీకట్లో కూర్చున్నాను. నీ పాట వింటుంటే తోడుగా ఉంటుంది."

"గొంతు బొంగురుపోయింది" అంది నల్లంచి.

"అయ్యో! తులసాకు నమలకపోయావా?" అంది బూదెమ్మ జాలిగా.

ఆ జాలి నల్లంచికి దెబ్బ కంటే ఎక్కువ తగిలింది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం నల్లంచికి సపోటాచెట్టు కింద చీలిన పండు కనబడింది. మెత్తటి ముక్క ఒకటి పీక్కుని, మునగచెట్టు మొదట్లో పెట్టి పోబోయింది. పైనుంచి ఉడతమ్మ చూసింది.

"అదెందుకు అక్కడ పెట్టావు?"

నల్లంచి తల వంచుకుంది.

"నిన్నే. నాకు పండు ఎందుకు పెడుతున్నావు? నీ గుడ్లు తిన్నదాన్ని కదా నేను?"

నల్లంచి ఎగిరిపోయింది. మర్నాడు వచ్చి చూస్తే ఆ ముక్క పెట్టినచోటే ఉంది. చీమలు పట్టాయి.

గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయి. ఒంటి మీద ఈక లేదు, కళ్ళు తెరవలేదు. తలకంటే నోరే పెద్దది. పసుపు అంచుల నోళ్ళు తెరిచి ఒకటే గోల. నల్లంచి, బూదెమ్మ వంతులేసుకుని పురుగులు తెచ్చేవి. మిడతలు, గొంగళిపురుగులు, చెదలు, ఏవి దొరికితే అవి. నల్లంచి ఎంత తిరిగిందంటే దాని రెక్కల అంచులు అరిగిపోయాయి. పని చేస్తున్నంతసేపూ కాస్త మరుపుగా ఉండేది. కానీ పిల్లలకి తిండి పెట్టి మునగచెట్టు పక్క నుంచి వచ్చేటప్పుడు మాత్రం చూపు నేల మీదికే పోయేది.

పిల్లలకి ఈకలు వచ్చాయి. రొమ్ము మీద గోధుమరంగు చుక్కలు ఉన్నాయి. ఒకరోజు పొద్దున్నే అవి ఒకదాని వెనక ఒకటి గొట్టంలోంచి కిందికి దూకేశాయి. ఎగరడం ఇంకా రాదు. నేల మీద గెంతడమే. పసుపు మడి పక్కన గెంతుతూ, తొట్రుపడుతూ, అమ్మ వెంట అరుస్తూ తిరుగుతున్నాయి.

పిల్లపిట్టలకి అదే పెద్ద గండం. గూట్లోంచి వచ్చేశాయి, రెక్కలు ఇంకా రాలేదు.

నల్లంచి గోడ మీద కూర్చుని కాపలా కాస్తోంది. ఈసారి కళ్ళు మూయలేదు. పసుపు ఆకుల మధ్య ఏదో నల్లగా కదిలినట్టయింది. ఇటుక రంగు రెక్క కనబడింది. జెముడుకాకి!

నల్లంచి అరవాలని నోరు తెరిచింది. ఇన్నాళ్ళూ పాట రాకుండా గొంతు నొక్కుకుని నొక్కుకుని, ఇప్పుడు అరుపు కూడా రాలేదు. కీచుమని చిన్న చప్పుడు వచ్చింది, అంతే. జెముడుకాకి ఇంకో అడుగు వేసింది.

"చిక్‌చిక్‌చిక్‌చిక్!"

మునగచెట్టు మీద నుంచి ఉడతమ్మ తోక కుచ్చులా ఉబ్బించి అరుస్తోంది. "బూదెమ్మా! పిల్లల్ని లాక్కో! నీ వెనకే ఉంది! చిక్‌చిక్‌చిక్!"

బూదెమ్మ చటుక్కున తిరిగి చూసింది. పిల్లల్ని గోరింట పొద కిందికి తోసేసింది. ముళ్ళలాంటి కొమ్మల మధ్య అవి బిగుసుకుపోయి కూర్చున్నాయి. గోరింక, పిగిలిపిట్ట దూసుకొచ్చి జెముడుకాకి నెత్తిన ఎగురుతూ పొడవడం మొదలుపెట్టాయి.

జెముడుకాకి విసుక్కుంటూ బావి గట్టెక్కింది. తినబోయింది నోటి దాకా రాకపోతే ఎవరికైనా ఒళ్ళుమంట. గోడ మీద ఉన్న నల్లంచి వైపు చూసి నవ్వింది.

"ఏమోయ్ అల్లుడూ! ఈసారి పాట పాడలేదేం? పోయినసారి గోరింట పొద, గోడ, ఊడిన రాయి, అన్నీ వరసగా చెప్పావు. రెండోసారి అడిగితే మాట మాటా విడదీసి మరీ పాడావు. ఈసారి చెప్పకపోబట్టే నాకీ తిప్పలు!"

అలా అని రెక్కలు విదిల్చుకుని గోడ అవతలికి దూకి పోయింది.



బూదెమ్మ మెల్లగా తలెత్తింది. "ఏమిటది చెప్పింది?"

"అబద్ధాల కోరు. ఊరికే వాగుతోంది" అంది పిగిలిపిట్ట. "అవునా నల్లంచీ?"

అవునంటే సరిపోయేది. జెముడుకాకి మాట ఎవరు నమ్ముతారు? నల్లంచి గోడ మీద నుంచి నేల మీదికి దిగింది. ఎప్పుడూ పైకెత్తి ఉండే తోక మట్టిని తాకుతోంది.

"నిజమే" అంది. "నేనే పాడాను. పొగిడితే పొంగిపోయి పాడాను. నువ్వు చూస్తూ ఉండమంటే కళ్ళు మూసుకున్నాను." మిగిలింది ఎవరికీ తెలియదు. చెప్పకపోయినా ఎవరూ అడగరు. "ఇంకోటి కూడా ఉంది. ఆవేళ కంత దగ్గర జెముడుకాకి ఈక దొరికింది నాకు. ఉడతక్క తప్పు లేదని అప్పుడే తెలుసు. తెలిసే ఊరుకున్నాను."

"ఈక ఏదీ?" అంది బూదెమ్మ.

"బావిలో పడేశాను."

బూదెమ్మ చాలాసేపు దాని వైపే చూసింది. కేకలేస్తే బాగుండేది. పొడిచినా బాగుండేది.

"నేను ఏడుస్తుంటే నా పక్కనే కూర్చున్నావు" అంది. ఆ ఒక్క మాటే అని పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది.

నల్లంచికి నేల చీలిపోతే లోపలికి దూరిపోవాలనిపించింది. ఎవరూ దాని వైపు చూడటం లేదు. చూడకపోవడమే ఎక్కువ బాధగా ఉంది. గెంతుకుంటూ మునగచెట్టు కిందికి వెళ్ళి, తల వంచి నిలబడింది.

"అక్కా, తప్పయిపోయింది" అంది.

ఉడతమ్మ మెల్లగా కిందికి దిగింది. ఎండకి దాని వీపు మీది వెంట్రుకలు ఎర్రబారిపోయాయి. "నా పిల్లలు చూడు" అంది. "కళ్ళు తెరిచీ తెరవగానే చూసింది ఎండే. నా చిన్నదానికి ఇప్పటికీ ఒక కన్ను సరిగ్గా తెరుచుకోదు. నువ్వు తల వంచితే అది తెరుచుకుంటుందా?"

ఉడతమ్మ అక్కడితో ఆపలేదు.

"నన్ను దొంగని చేసింది నువ్వొక్కడివే కాదు. గోరింక వెళ్ళి పక్కింటి దొడ్లో చెప్పింది. అక్కణ్ణుంచి వీధంతా పాకింది. పండ్లకి వెళితే పిచ్చుకలు కూడా నన్ను చూసి గుడ్లు దాచుకుంటున్నాయి. నాతో చెప్పి ఏం లాభం? వాళ్ళతో చెప్పు."

"చెబుతాను" అంది నల్లంచి.

ఆ రోజు నుంచి నల్లంచి ఇంటింటి దొడ్డికీ వెళ్ళింది. చెట్టు చెట్టుకీ వెళ్ళింది. చిటారుకొమ్మన కూర్చుని అందరికీ వినబడేలా పాడేస్తే ఒక్కసారిలో అయిపోయేది. కానీ అది పాడాల్సిన విషయం కాదు. ఒక్కొక్కరి ముందూ కూర్చుని, మామూలు మాటల్లో, చిన్న గొంతుతో చెప్పింది. "ఉడతక్క ఏమీ చేయలేదు. తప్పు నాది. ఈక దాచింది నేను." కొందరు ఛీ అన్నారు. కొందరు నవ్వారు. పక్కింటి కొబ్బరిచెట్టు మీది నల్లంచి అయితే మొహం తిప్పుకుంది. చెప్పిన ప్రతిసారీ నల్లంచికి కొత్తగా సిగ్గేసింది. అలవాటైపోతుందేమో అనుకుంది. అవలేదు.

గోరింక తనకు తానే వెళ్ళి ఉడతమ్మని గోడ దగ్గరికి పిలుచుకొచ్చింది. ఉడతమ్మ పిల్లలతో మళ్ళీ గోడ కంతలోకి చేరింది. చల్లటి రాతి మీద ఒళ్ళు చాపుకుని పడుకున్నాయి పిల్లలు.

వానలు వచ్చాయి. నల్లంచి పిల్లలు ఎగరడం నేర్చుకుని తలో దొడ్డికీ పోయాయి. బూదెమ్మ నల్లంచికి దూరంగా, గోడకి అటువైపు తిరగడం మొదలుపెట్టింది. నల్లంచి పాత ఈకలు రాలిపోయాయి. కొత్తవి వస్తున్నంతకాలం అది పొదల అడుగున, చీకటి నీడల్లో, ఎవరి కంటా పడకుండా గెంతుతూ గడిపింది. వానలు వెళ్ళి చలి వచ్చింది. అయినా దాని గొంతు విప్పుకోలేదు.

"ఒక్కసారి పాడు నల్లంచీ, దొడ్డి బోసిపోయింది" అంది పిగిలిపిట్ట.

"వద్దు" అంది నల్లంచి. "నోరు తెరిస్తే అదే గుర్తొస్తుంది."

చలి తగ్గి, మామిడి పూత మొదలైంది. ఒక ఉదయం కుర్రనల్లంచి ఒకటి వచ్చి గోడ మీద వాలింది. రొమ్ము మీద చుక్కలు దాదాపు పోయాయి. నల్లటి ఈకలు అక్కడక్కడా మెరుస్తున్నాయి. నల్లంచి పోల్చుకుంది. గొట్టంలో పుట్టిన పిల్లల్లో పెద్దది.

"నాన్నా" అంది కుర్రది. "నాకు పాడటం రావడం లేదు."

"ప్రయత్నించావా?"

"ప్రయత్నించాను." అది నోరు తెరిచి ఏదో అంది. ఎండిన కొమ్మ విరిగినట్టు కరకరమంది. "అవతల ఒక దొడ్డి చూసుకున్నాను. మంచి గోడ, మంచి కంతలు. కానీ పాట రానివాడితో కాపురం ఎవరు చేస్తారు? అందరూ నాన్న దగ్గర విని నేర్చుకుంటారట. నేను గొట్టంలో ఉన్నన్నాళ్ళూ నువ్వు ఒక్కసారీ పాడలేదు."

తాను చేసింది ఇంత దూరం వచ్చి, ఏ పాపమూ ఎరగని పిల్ల మీద పడిందని నల్లంచికి అప్పుడు తెలిసింది. ఏం చేయాలో తోచక బూదెమ్మని వెతుక్కుంటూ వెళ్ళింది. బూదెమ్మ బావి పక్కన మట్టి కెలుకుతోంది. నల్లంచి కాస్త దూరంలోనే ఆగింది.

"పెద్దాడు వచ్చాడు. పాట నేర్పమంటున్నాడు" అంది. "నాకు సిగ్గుగా ఉంది. నేర్పనా, మాననా? నువ్వే చెప్పు."

బూదెమ్మ మట్టి కెలకడం ఆపలేదు. "సిగ్గు నీది. వాడిదెందుకు అవుతుంది? పాడు" అంది.

నల్లంచి వెళ్ళబోయింది.

"ఆగు" అంది బూదెమ్మ. "గూటి దగ్గర పాడకు. దూరంగా, పైన ఎక్కడైనా కూర్చుని పాడు, నాకు కనబడేట్టు. గూటికి వచ్చేటప్పుడు నోరు విప్పకు. ఇంటి సంగతి పాటలో పెట్టకు. ఒక్క మాట కూడా."

నల్లంచి ఆ మాటలు మెల్లగా తనలో చెప్పుకుంది. తరవాత భయపడుతూ అడిగింది. "అయితే ఈ ఏడు గూడు...?"

"ఇంకా చూడలేదు" అంది బూదెమ్మ. కానీ దాని ముక్కులో అప్పటికే ఒక ఎండుగడ్డిపరక ఉంది.

తెల్లవారుతుండగా నల్లంచి పక్కింటి డాబా మీది స్తంభం చివరికి ఎగిరింది. గూటికి దూరం, అందరికీ కనబడే చోటు. పక్కన కుర్రది కూర్చుంది. నల్లంచి నోరు తెరిచింది. మొదటి స్వరం పగిలిపోయింది. రెండోది వణికింది. మూడోది నిలబడింది. ఆ తరవాత ఈలలా, వేణువులా, నీళ్ళు దొర్లినట్టుగా పాట వచ్చేసింది. గుడ్లు లేవు అందులో, గోడ లేదు, పొద లేదు, 'నావే నావే' లేదు. ఒక్క మాట కూడా లేని పాట.

కుర్రది తల వంచి విన్నది. తరవాత మెల్లగా గొంతు కలిపింది.

అప్పటినుంచే నల్లంచి మామిడి పూత నుంచి వానల దాకానే పాడుతుంది. వానలు మొదలయ్యాక నోరు మూసుకుని, తోక వాల్చుకుని, పొదల నీడల్లో సిగ్గుగా తిరుగుతుంది. పాడే రోజుల్లో కూడా స్తంభం మీదో చెట్టు కొననో కూర్చుని దూరం నుంచే పాడుతుంది. గూటికి పురుగు తెచ్చేటప్పుడు మాత్రం అటూ ఇటూ చూసి, చప్పుడు చేయకుండా దూరిపోతుంది. మీరు ఏ తెల్లవారుజామునైనా నల్లంచి పాట వినండి. ఎంతసేపు విన్నా, దాని గూడు ఎక్కడుందో మాత్రం మీకు తెలియదు.